పిల్లల కస్టడీ కేసులలో సాక్షి సమను: ఇష్టం లేని సాక్షి బాధ్యతలు, హక్కులు

సికింద్రాబాద్: భార్యాభర్తలు విడిపోయి, బిడ్డ ఎవరి వద్ద ఉండాలన్న వివాదం న్యాయస్థానానికి చేరినప్పుడు ఆ కుటుంబంతో ఎట్టి బంధుత్వమూ లేని మూడో వ్యక్తికి సమను అందడం అరుదైన విషయం కాదు. బిడ్డకు పాఠం చెప్పిన ఉపాధ్యాయిని, జ్వరానికి మందు రాసిన వైద్యుడు, రైల్వే క్వార్టర్లలో పక్క వాటాలో నివసించినవారు, ఇల్లు అద్దెకిచ్చిన యజమాని, వీరిలో ఎవరైనా కావచ్చును. ఇష్టపడి కోర్టు మెట్లెక్కేవారు వీరిలో తక్కువ. రేపు ఇరు పక్షాల ముఖమూ చూడవలసిన వారికి ఆ జంకు సహజమే. అయితే సమను అందుకున్న వ్యక్తి తన అయిష్టాన్ని కారణంగా చూపి గైరుహాజరు కావడానికి చట్టం అంగీకరించదు. ఎవరి ఖర్చుతో రావాలి, ఏ విధంగా సాక్ష్యం ఇవ్వాలి అన్న విషయాలలో మాత్రం అతనికి చట్టం గణనీయమైన రక్షణ కల్పించినది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

సికింద్రాబాద్‌లోని కుటుంబ న్యాయస్థానంతో సహా దేశంలోని అన్ని కుటుంబ న్యాయస్థానాలు 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం పనిచేస్తాయి. ఆ చట్టం 10వ సెక్షన్ మేరకు సాక్షులను పిలిపించే విషయంలో 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి వర్తిస్తుంది. కస్టడీ నిర్ణయానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, హిందువుల విషయంలో 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆధారం. రెండింటి సారాంశం ఒకటే: బిడ్డ సంక్షేమం. తల్లిదండ్రుల మాటలు పరస్పర విరుద్ధంగా ఉన్నచోట, ఆ సంక్షేమం ఎక్కడున్నదో తేల్చుకోవడానికి న్యాయమూర్తికి బయటివారి సాక్ష్యం అవసరమవుతుంది.

సమను చేతికి అందిన వెంటనే దానిని పూర్తిగా చదవడం ముఖ్యం. సాక్ష్యం ఇవ్వడానికా, పత్రం దాఖలు చేయడానికా, లేక రెండింటికా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. కేవలం పత్రం కోసమే సమను వచ్చినట్లయితే, 16వ ఆర్డరు 6వ రూలు ప్రకారం ఆ పత్రాన్ని మరొకరి ద్వారా కోర్టుకు చేర్చినా సరిపోతుంది. పాఠశాల హాజరు పట్టీ కోసం ప్రధానోపాధ్యాయుడు స్వయంగా రోజంతా కోర్టు వరండాలో వేచి ఉండనక్కరలేదు. పైగా పత్రం తెచ్చినంత మాత్రాన ఆ వ్యక్తి సాక్షి కాడు. సాక్షిగా పిలిస్తే తప్ప అతనిని అడ్డుప్రశ్నలు వేయరాదు.

ప్రయాణ ఖర్చులు, బత్తా సమను కోరిన పక్షమే ముందుగా కోర్టులో జమ చేయాలి. ఆ మొత్తం చాలదని కోర్టు భావిస్తే మరికొంత చెల్లించమని ఆదేశించవచ్చును. ఒక రోజుకు మించి సాక్షిని నిలిపి ఉంచవలసి వస్తే అదనపు బత్తా కూడా చెల్లించాలి. ప్రభుత్వ ఉద్యోగికి, రైల్వే ఉద్యోగికి సమనును కార్యాలయ అధిపతి ద్వారా పంపే వీలున్నది. అటువంటి సమనును ఫైలులో ఉంచి మరచిపోరాదని కార్యాలయ అధికారులు గుర్తించవలసి ఉన్నది. తగిన కారణం లేకుండా హాజరు కాని సాక్షిపై వారంటు జారీ కావచ్చును, ఆస్తి జప్తు కావచ్చును, స్మృతి 32వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చును.

దక్షిణ మధ్య రైల్వే కేంద్రం, కంటోన్మెంట్ ఉన్న సికింద్రాబాద్‌లో బదిలీలు నిత్యకృత్యం కనుక దూరం విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రయాణంలో ఆరింట అయిదు వంతులకు రైలు లేదా ఇతర ప్రజా రవాణా ఉన్నచోట 500 కిలోమీటర్లలోపు నివసించే సాక్షిని స్వయంగా రమ్మనవచ్చును. ఆ సౌకర్యం లేనిచోట ఈ పరిమితి 100 కిలోమీటర్లే. పాత చట్టం కావడం వలన ఈ రూలులో స్టీమరు ప్రస్తావన కూడా ఉన్నది. సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు బదిలీ అయిన పొరుగింటి ఉద్యోగి రావలసిందే. సుమారు 700 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నంలో ఉన్నవారిని, విమాన ఛార్జీ చెల్లిస్తే తప్ప, స్వయంగా రమ్మని ఆదేశించరాదు. దూరప్రాంతం వారి వాంగ్మూలాన్ని, అనారోగ్యంతో కదలలేని వారి వాంగ్మూలాన్ని కమిషన్ ద్వారా నమోదు చేయించే ఏర్పాటు ఉన్నది.

2002 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణల వలన ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో దాఖలు చేయడం ఆనవాయితీ అయినది. మరి ఇష్టం లేని సాక్షి తనను పిలిపించిన పక్షం న్యాయవాది వద్ద కూర్చుని అఫిడవిట్ ఎందుకు రాయించుకోవాలి? సేలం న్యాయవాదుల సంఘం కేసులో 2002 అక్టోబరు 25న సుప్రీంకోర్టు ఈ చిక్కును విప్పినది. కోర్టు సమనుపై వచ్చిన సాక్షికి అఫిడవిట్ ఇవ్వడమో, నేరుగా కోర్టులో చెప్పడమో ఎంచుకునే అవకాశం ఇవ్వవచ్చునని, తగిన సందర్భాలలో అఫిడవిట్ నిబంధనను సడలించవచ్చునని స్పష్టం చేసినది. ఏ పక్షానికీ చెందనని భావించే సాక్షికి ఇంతకు మించిన ఊరట మరొకటి లేదు.

బోనులో నిలబడిన ఉపాధ్యాయిని తల్లి మంచిదా, తండ్రి మంచివాడా అన్న తీర్పు చెప్పనక్కరలేదు. తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వచ్చారు, ప్రగతి పత్రంపై ఎవరు సంతకం చేశారు, బిడ్డ హాజరు ఏ నెల నుంచి తగ్గినది వంటి తాను చూసిన విషయాలు చెబితే చాలును. తెలియనిదానికి తెలియదు అనడం కూడా సాక్ష్యమే. చెప్పిన మాట పిలిపించిన పక్షానికి నచ్చకపోతే, కోర్టు అనుమతితో ఆ పక్షమే అడ్డుప్రశ్నలు వేయవచ్చును. సాక్షి అడ్డం తిరిగాడన్న మాట అప్పుడే పుడుతుంది గాని, నిజం చెప్పిన సాక్షికి అందులో తప్పేమీ లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 155వ సెక్షన్ ప్రకారం సాక్షిని అవమానించే, వేధించే ఉద్దేశంతో అడిగే ప్రశ్నలను న్యాయస్థానం నిషేధించాలి. తెలిసీ అబద్ధపు సాక్ష్యం చెబితే మాత్రం భారతీయ న్యాయ సంహిత కింద 7 సంవత్సరాల వరకు శిక్షకు అవకాశం ఉన్నది.

వృత్తి రహస్యం అన్న మాట తరచు వినబడుతుంది. న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య జరిగిన సంభాషణకు సాక్ష్య చట్టం ఇచ్చిన రక్షణ వైద్యునికి గాని, ఉపాధ్యాయునికి గాని లేదు. కౌన్సెలర్ నివేదికల విషయంలో సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో ఒక కస్టడీ వ్యాజ్యంలో, బిడ్డ సంక్షేమం దృష్ట్యా గోప్యత నియమానికి మినహాయింపు ఉంటుందని తేల్చినది.

పత్రికా విలేకరులు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. కక్షిదారులలో ఏ ఒక్కరు కోరినా కుటుంబ న్యాయస్థానం రహస్య విచారణ జరపవలసి ఉంటుంది. హిందూ వివాహ చట్టం కింద నడిచే వ్యాజ్యాలలో, ఆ చట్టం 26వ సెక్షన్ కింద వచ్చే కస్టడీ అభ్యర్థనలతో సహా, హైకోర్టు లేదా సుప్రీంకోర్టు తీర్పును ముందస్తు అనుమతితో ప్రచురించడం మినహా ఏ వివరమూ ప్రచురించరాదని 22వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఉల్లంఘనకు జరిమానా 1,000 రూపాయల వరకే అయినా, సాక్షి పనిచేసే పాఠశాల పేరు ఒక్కటి అచ్చయితే ఆ బిడ్డ ఎవరో తరగతి మొత్తానికీ తెలిసిపోతుంది.