పుస్తకములోని చిన్న ఇల్లు, తెరమీది చిన్న ఇల్లు

గచ్చిబౌలిలో కుటుంబ ప్రార్థనలు జరిగేది ఎక్కువగా శనివారము సాయంకాలములలోనే. మిగిలిన దినములలో ఇంటి యజమాని ఏ వేళకు ఇల్లు చేరునో ఆయనకే తెలియదు. అటువంటి ఒక శనివారము, తొమ్మిదవ అంతస్తులో ఉన్న ఒక సహోదరుని ఇంటికి మేము వెళ్ళేసరికి, పిల్లలిద్దరు టీవీ ముందు కూర్చొని పాత ఇంగ్లీషు సీరియలు ఒకటి చూస్తున్నారు. పచ్చగడ్డి వాలుమీద నుండి ముగ్గురు ఆడపిల్లలు పరుగెత్తుకొని దిగివస్తున్నారు. దివిసీమలోని పల్లె నుండి వచ్చిన వారి నాన్నమ్మ కూడ సోఫా అంచున కూర్చొని చూస్తున్నది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినను కన్ను త్రిప్పలేదు.

పన్నెండేండ్ల పిల్లవాడు మమ్మును చూచి, “అయ్యగారూ, ఇది నిజంగా జరిగిన కథంటగా. పుస్తకంలో కూడా ఇట్లాగే ఉందా?” అని అడిగినాడు.

“ఉంటుందిలే బాబూ” అని చెప్పి మేము పాట ఎత్తుకున్నాము. ఇంటికి వచ్చిన తరువాత ఆ జవాబు మాకే సిగ్గు కలిగించినది. బెరయ వారివలె ప్రతి సంగతిని గ్రంథములో వెదకి చూచుకొనవలెనని ప్రతి ఆదివారము సంఘమునకు చెప్పువారము, మేమే చూడకుండ జవాబు చెప్పితిమి గదా! కావున ఆ పుస్తకములు సంపాదించి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివినాము. సీరియలులోని భాగములు కూడ కొన్ని చూచినాము. మాకు తెలిసినది పాఠకులతో పంచుకొనుచున్నాము.

ఆ సీరియలు పేరు ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’. ప్రెయిరీ అనగా చెట్టు చేమ లేక, కనుచూపు మేర గడ్డి మాత్రమే పెరిగే మైదానము. మూల పుస్తకములు వ్రాసినది లారా ఇంగల్స్ వైల్డర్. ఆమె 1867లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టినది. తండ్రి చార్లెస్, తల్లి కరోలిన్. గుడ్డ కప్పిన గుఱ్ఱపు బండిలో సామాను వేసుకొని, పొలము వెదకుకొనుచు కాన్సాస్, మిన్నెసోటా, అయోవా, డకోటా ప్రాంతములు తిరిగిన కుటుంబము అది. ఆ బ్రతుకును లారా వృద్ధాప్యములో వ్రాసినది. మొదటి పుస్తకము 1932లో అచ్చయిన నాటికి ఆమెకు 65 ఏండ్లు. 1943 నాటికి ఎనిమిది పుస్తకములు వచ్చినవి.

మన పాఠకులకు ఇటువంటి బ్రతుకు క్రొత్త కాదు. నిజాంసాగరు కాలువల క్రిందికి గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు వెళ్ళి బోధను, వర్ని ప్రాంతములలో సేద్యము చేసినారు. వారు దిగిన చోట్లను నేటికిని ‘క్యాంపు’ అనియే పిలుచుచున్నారు. తుంగభద్ర ఆనకట్ట కట్టిన తరువాత సింధనూరు, గంగావతి వైపు వెళ్ళిన మన వారి ఊళ్ళు కూడ క్యాంపులే. లారా కథ అటువంటి క్యాంపు కథ అనుకొనిన చాలును.

ఇక సీరియలు సంగతి. 1974 మార్చిలో మొదట ఒక పెద్ద చిత్రముగాను, అదే సంవత్సరము సెప్టెంబరు నుండి వారము వారము సీరియలుగాను అమెరికాలోని ఎన్.బి.సి. టెలివిజన్‌లో వచ్చినది. 1983 వరకు నడిచినది. తండ్రి పాత్ర వేసిన మైఖేల్ లాండన్ దర్శకుడు, నిర్మాత కూడ. అయితే పుస్తకముల హక్కులు కొనినవాడు ఎడ్ ఫ్రెండ్లీ అను మరియొక నిర్మాత. వీరిరువురికి మొదటి నుండియే తగవు పడినది. పుస్తకములోని పేదరికము తెరమీద కూడ పేదరికముగానే కనబడవలెనని ఫ్రెండ్లీ పట్టుదల. లాండన్ మాట నెగ్గినది, ఫ్రెండ్లీ తప్పుకొన్నాడు. మా పిల్లవాని ప్రశ్న వారి మధ్య ఏనాడో వచ్చిన ప్రశ్నయే.

మొదటి చిత్రము పుస్తకమునకు చాలవరకు దగ్గరగానే ఉన్నది. కాన్సాస్ మైదానములో దుంగలతో ఇల్లు కట్టుట, క్రిస్మసుకు పొరుగువాడైన ఎడ్వర్డ్స్ పిల్లలకు కానుకలు తెచ్చుట, కడకు ఇల్లు విడిచి వెళ్ళిపోవుట అన్నియు ఉన్నవి. దాని తరువాతనే దారులు వేరైనవి. పుస్తకములోని తండ్రికి గుబురు గడ్డమున్నది, తెరమీది తండ్రి నున్నగా గీసుకొన్న ముఖముతో ఉన్నాడు. ఇది చిన్న సంగతి, పోనిండు. పుస్తకములో ఆ కుటుంబము మిన్నెసోటాలో మొదట కాపురమున్నది ఏటి గట్టును తొలిచి చేసిన మట్టి ఇంటిలో. పైకప్పు మీద గడ్డి మొలచియుండగా, మేత మేయుచు వచ్చిన ఎద్దు కాలు కప్పులోనుండి ఇంటిలోనికి దిగినది! సీరియలులో ఆ మట్టి ఇల్లు లేనే లేదు. వచ్చిన వెంటనే చక్కని పలకల ఇల్లు లేచినది. పుస్తకములోని తండ్రి పలకల ఇల్లు కట్టినది పంట వచ్చిన తరువాత తీర్చెదనని అప్పు చేసి.

అప్పు, పంట అనగానే తరువాత ఏమి వచ్చునో పల్లెలోనివారికి చెప్పనక్కరలేదు. కాని దానికి ముందు ఒక గంట సంగతి చెప్పవలెను. మాకు ఈ కథలన్నిటిలో మిక్కిలి నచ్చినది ఇదియే.

వాల్‌నట్ గ్రోవ్ అను ఆ చిన్న ఊరిలో క్రొత్తగా దేవాలయము కట్టుచున్నారు. కాపరి రెవరెండ్ ఆల్డెన్. లారా తండ్రి బూట్లు చినిగి, మాసికలు పడి, మాసికలు కూడ చినిగినవి. క్రొత్త బూట్లు కొనుక్కొనుటకు మూడు డాలర్లు తీసికొని ఊరిలోనికి వెళ్ళినాడు. తిరిగి వచ్చినది పాత బూట్లతోనే. డబ్బు గుడి గంట కొరకు ఇచ్చివేసినాడు. కోత అయిన తరువాత కొనుక్కొందునని భార్యకు చెప్పినాడు. ఆ కోత రాలేదు. ఆకాశమున మబ్బువలె మిడతలు దిగినవి. పొగలు పెట్టినారు, కాపాడలేకపోయినారు. గోధుమ చేను నేలమట్టమైనది. యోవేలు గ్రంథములో మనము చదువుకొను మిడతల దండు ఇటువంటిదే గదా! అప్పుడు ఆ తండ్రి కూలిపని వెదకుకొనుచు తూర్పు దిక్కునకు కాలినడకన బయలుదేరినాడు, గంటకు డబ్బిచ్చిన ఆ చినిగిన బూట్లతోనే. రచయిత్రి ఇక్కడ ప్రసంగమేమియు చేయలేదు. బూట్లు చూపించి ఊరుకున్నది.

సీరియలులో గంట కథ ఉన్నది, బూట్లు లేవు. 1974 డిసెంబరులో వచ్చిన భాగములో, ఊరిలోని ధనవంతురాలైన దుకాణదారుని భార్య తానే గంట ఇచ్చెదననినది, అయితే తమ కుటుంబము పేరు చెక్కిన ఫలకము పెట్టవలెనట. దానిపై సంఘము రెండుగా చీలినది. కడకు గిన్నెలకు మాట్లు వేసుకొని బ్రతికే ఒక మూగవాడు పిల్లల లోహపు బొమ్మలను ప్రోగుచేయించి, కరిగించి, గంట పోతపోసినాడు. కథ బాగున్నది. మన మందిరములలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు చదువుకొనుచు ప్రసంగము వినేవారికి ఇంకను బాగుండును! మేము కూడ చూచి నవ్వుకొన్నాము, కొంచెము నొచ్చుకొన్నాము కూడ.

కాని ఒక తేడా గమనించండి. తెరమీది గంట అందరు కలిసి సంతోషముగా చేసినది. ఎవరి కాళ్ళును నొవ్వలేదు. పుస్తకములోని గంటకు ఒక మనిషి వందల మైళ్ళు చెల్లించినాడు. మన పల్లెలలో ప్రతి పూట ఎసటిలో పోయుటకు ముందు పిడికెడు బియ్యము తీసి గుడి కుండలో వేసే తల్లులకు ఈ రెండవ లెక్క వెంటనే అర్థమగును. ఆ పిడికెడు ఎవరి కంచములో తగ్గినదో వారికి తెలియును. వాల్‌నట్ గ్రోవ్ వారు చెప్పుకొను లెక్కలో చార్లెస్ ఇంగల్స్ ఇచ్చినది మూడు డాలర్లు కాదు, 26 డాలర్ల 15 సెంట్లు. అనగా పుస్తకము కూడ ఉన్నదానికంటె తగ్గించియే చెప్పినది.

ఇంతవరకు చదివి మేము పుస్తకము పక్షమున తీర్పు చెప్పుటకు సిద్ధపడినాము. అప్పుడు ఒక సంగతి మమ్మును ఆపినది.

సీరియలు మొదటి సంవత్సరములోనే, లాండన్ స్వయముగా వ్రాసి తీసిన భాగమొకటి ఉన్నది. ఆ ఇంట మగబిడ్డ పుట్టును. తండ్రి సంతోషమంతయు ఆ బిడ్డ మీదనే ఉండుట చూచి లారా అసూయపడును. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ప్రార్థన చేయుమనిన చేయదు. బిడ్డ చనిపోవును. తన మూలముగానే పోయినాడని, తనను తీసికొని తమ్ముని తిరిగి ఇమ్మని దేవుని అడుగుటకు ఒంటరిగా కొండ ఎక్కి పోవును. (వాల్‌నట్ గ్రోవ్‌లో కొండలు లేవు, అది చదునైన మైదానము. చిత్రీకరణ కాలిఫోర్నియాలో జరిగినది గనుక కొండ దొరికినది.)

ఈ బిడ్డ పుస్తకములలో ఎక్కడను లేడు. ఎనిమిదింటిలోను వెదకినాము. కాని నిజ జీవితములో ఉన్నాడు! చార్లెస్ ఫ్రెడరిక్ అని పేరు. 1875 నవంబరు 1న పుట్టి, 1876 ఆగష్టు 27న, మిడతల దెబ్బకు ఊరు విడిచిన కుటుంబము అయోవాకు వెళ్ళు త్రోవలో చనిపోయినాడు. తొమ్మిది నెలలు. లారా 1930లో పెద్దల కొరకు వ్రాసికొన్న స్వీయచరిత్రలో అతని సంగతి ఉన్నది. అది 2014లోగాని సంపూర్ణముగా అచ్చు కాలేదు. పిల్లల కొరకు వ్రాసిన పుస్తకములలో ఆమె తమ్ముని పేరే ఎత్తలేదు. కొండ, అసూయ, ఒప్పందము అన్నియు లాండన్ కల్పన కావచ్చును. కాని ఆ ఇంట ఒక బిడ్డను పాతిపెట్టినారనునది నిజము. ఇక్కడ తెర పుస్తకమును తప్పినది గాని కుటుంబమును తప్పలేదు.

లారా అక్క మేరీ విషయములో మాత్రము సీరియలు మరీ స్వేచ్ఛ తీసికొన్నది. మేరీ పదునాలుగవ యేట చూపు కోల్పోయినది నిజమే. పుస్తకము స్కార్లెట్ జ్వరము అన్నది. 2013లో వైద్యులు కొందరు పాత ఆధారములు పరిశీలించి, మెదడుకు వైరస్ సోకి వాచియుండునని అభిప్రాయపడినారు. ఆమె 1881లో అయోవాలోని అంధుల కళాశాలలో చేరినది. పుస్తకములో లారా పదహారేండ్లు నిండకముందే బడిలో పాఠములు చెప్పి, ఆ జీతము అక్క చదువునకు ఇచ్చినది. మేరీ పెండ్లి చేసుకొనలేదు, 1928లో చనిపోయినది. సీరియలులో ఆమెకు అంధుడైన ఉపాధ్యాయునితో పెండ్లి చేసి, బిడ్డనిచ్చి, ఆ బిడ్డను అగ్నిప్రమాదములో తీసివేసినారు. కన్నీళ్ళు కావలసి చేసినట్లే మాకు తోచినది. పెండ్లి కాని అంధురాలి జీవితము నిండు జీవితము కాజాలదా? మన సంఘములలో అటువంటి సహోదరీలు ఎంతమంది లేరు!

పుస్తకము తప్పు కూడ ఒకటి చెప్పవలెను. కాన్సాస్‌లో చార్లెస్ ఇల్లు కట్టిన నేల అప్పటికి ఓసేజ్ అను ఆదివాసుల రిజర్వు భూమి. అక్కడ మనుష్యులు లేరని, ఇండియనులు మాత్రమే ఉన్నారని అర్థము వచ్చునట్లు మొదటి ముద్రణలో ఉండెను. ఒకరు అభ్యంతరము తెలుపగా లారా క్షమాపణ చెప్పి, 1953 ముద్రణలో ఆ మాట సరిచేయించినది. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘమువారు ఆమె పేరుతో ఉన్న బహుమతికి పేరు మార్చినారు. సీరియలు ముగింపు చిత్రము 1984లో వచ్చినది. అందులో ఊరి భూమి అంతయు ఒక ధనవంతునిదని తేలగా, ఊరివారు తమ ఇండ్లను తామే మందు పెట్టి పేల్చివేసి వెళ్ళిపోవుదురు. చిన్న ఇల్లును దేవాలయమును మిగిల్చినారు. మా నేల పోయినదని ఏడ్చువారు, తమకు ముందున్నవారు ఏమైనారో ఒక్క మాట అడుగరు. ఇది వ్రాయుచు మేము కిటికీలోనుండి చూచినాము. గచ్చిబౌలి పేరులోనే దిగుడుబావి ఉన్నది. విశ్వవిద్యాలయము 1974లో వచ్చినది, ప్రక్కన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో వచ్చినది. ఆ బావి నీళ్ళు త్రాగినవారి గురించి మేమును ఎన్నడును అడుగలేదు.

ఎడ్ ఫ్రెండ్లీ ఊరుకొనలేదు. 2005లో ఇదే కాన్సాస్ కథను పుస్తకమునకు దగ్గరగా మరల తీయించినాడు. తండ్రికి గడ్డము కూడ పెట్టినారు! దానికి దర్శకుడు డేవిడ్ కన్నింగ్‌హామ్, ‘యూత్ విత్ ఎ మిషన్’ సంస్థను స్థాపించిన లోరెన్ కన్నింగ్‌హామ్ గారి కుమారుడు. అయినను జనులు గుర్తుంచుకొన్నది లాండన్‌నే. క్రొత్త సీరియలు తీయుచున్నామని నెట్‌ఫ్లిక్స్ వారు 2025 జనవరిలో ప్రకటించినారు.

నెల తరువాత అదే ఇంటికి మరల ప్రార్థనకు వెళ్ళినాము. పిల్లవానికి బాకీయున్న జవాబు చెప్పినాము. బూట్ల సంగతి విని వాడు తన కాళ్ళు చూచుకొన్నాడు. తమ్ముని సంగతి చెప్పి, “ఆ చిన్నబాబు నిజంగా ఉన్నాడు, వాళ్ళ అక్కే పుస్తకంలో రాయలేదు” అన్నాము. నాన్నమ్మ కొరకు తెలుగులోనే చెప్పితిమి.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మనుమనితో, “నీకూ ఒక పెదనాన్న ఉన్నాడు నాన్నా. ఉప్పెనలో పోయాడు” అన్నది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన. ఆ ఇంటి యజమాని నలుబది దాటినవాడు. తానే పెద్దకొడుకునని ఆ దినము వరకు అనుకొనియున్నాడు. “ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?” అని అడిగినాడు. “నువ్వు పుట్టాక చెబుదామనుకున్నా. చెప్పలేకపోయా అబ్బాయి” అన్నది.

ఆయన లోపలికి వెళ్ళి కుటుంబ బైబిలు తెచ్చినాడు. మొదటి పుటలో పుట్టిన దినములు వ్రాసియున్నవి. పైన ఖాళీ లేనందున ప్రక్కన అంచులో వ్రాయుటకు కలము తీసినాడు. పుట్టిన తేది అడిగితే ఆమెకు తెలియదు. “క్రిస్మసు అయ్యాక మూడో ఆదివారం. నేను గుడికి పోలేదు ఆ రోజు” అన్నది. ఆయన ఫోనులో 1976 క్రిస్మసు తీసినాడు. అది శనివారము. మరునాటి ఆదివారమును లెక్కలో చేర్చుకొనవలెనా వద్దా అని తల్లీకొడుకులు వ్రేళ్ళు మడచి లెక్కించుచుండగా, మేము పాటల పుస్తకము మూసి కూర్చున్నాము.