పైరు కణములందలి ఉప్పు వాకిళ్లు

సముద్రతీరపు పొలములందు ఉప్పు మెండైనపుడు వరి ఆకుల కొనలు మాడి, పైరు గిడసబారుట మన సభ్యులలో పలువురెఱిగినదే. పైరునకు కావలసిన పొటాషియమును, చెఱుపు చేయు సోడియమును ఒకే నీటిలో కరగియుండును. జీవకణము ఈ రెంటిని ఎట్లు వేఱుపఱచునో కంప్యూటరు లెక్కల వలన తెలిసిన సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

ప్రతి కణము చుట్టును క్రొవ్వుతో నేర్పడిన పలుచని పొర గలదు. విద్యుత్తు పూనిన లవణ రేణువులు, అనగా అయానులు, ఆ పొరను సులువుగా దాటజాలవు. అందులకై మాంసకృత్తులతో నిర్మితమైన సన్నని వాకిళ్లు కలవు. 1998లో రోడరిక్ మెకినన్ గారును సహచరులును ఒక సూక్ష్మజీవి యందలి పొటాషియము వాకిలి రూపమును కనుగొనిరి. 2003లో మెకినన్ గారికి రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆ వాకిలి సోడియముకన్న పొటాషియమును పదివేల రెట్లు హెచ్చుగా పోనిచ్చును. సోడియమే చిన్నది గదా, పెద్దది దూరిన సందున చిన్నది ఏల దూరదు?

కదలని రూపమును చూచి దీనిని తేల్చుట కష్టము. కావున పొరను, నీటిని, వాకిలిని పరమాణువుల వారీగా కంప్యూటరునందు కూర్చి, వాని పరస్పరాకర్షణ వికర్షణలను లెక్కించి, ప్రతిదానిని రవంత జరిపి, మరల లెక్కింతురు. ఒక్కొక్క అడుగు సెకనులో అయిదు కోట్ల కోట్లవ వంతు. సెకనునకు పదికోట్ల అయానులు పోవు వాకిలియందు ఒక్క అయాను దాటుట చూచుటకే 50 లక్షల అడుగులు కావలెను.

2004లో బెనువా రూ గారును సహచరులును ఇట్టి లెక్కలవలన తేల్చినదేమనగా, వాకిలి గోడలు ఊరక నిలువక కదలుచుండును. ఆ కదలిక రెండు అయానుల పరిమాణభేదమునకు మించినది. కావున కొలతకు సరిపోవు బెజ్జమను మాట చాలదు. సోడియమును పట్టవలెనన్న గోడలందలి ఆమ్లజని పరమాణువులు మఱింత దగ్గరకు రావలెను. అవి ఒకదాని నొకటి త్రోయును. అందుచే సోడియమునకు అచటికన్న నీటియందే నెమ్మది.

అయితే లెక్కలే విత్తనము నీయవు. 2005లో నోనా బొక్రా అను ఉప్పునోర్చు వరియందు, ఊటరసమునుండి సోడియమును తీసివైచి ఆకులను కాపాడు వాకిలియొకటి బయటపడెను. అది ఈ పొటాషియము వాకిలికి దూరపు చుట్టము. దానిని పట్టి యిచ్చినది వరి సంకరములపై జరిపిన పరిశోధన. వాకిలి ఏల అట్లు పనిచేయునో లెక్క చెప్పును. పంట నిలుచునో లేదో చేనే చెప్పవలెను. కావున ఉప్పునోర్చునని చెప్పు విత్తనము వచ్చినపుడు, ఏ ఉప్పు నేలలో, ఎన్ని పంటలు పరీక్షించిరో అడిగిన పిమ్మటనే కొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.