నృత్యవ్యాయామ తరగతిలో వెనుకబడకుండుట

ఇటీవలి కాలమున మన పట్టణములలో, సంగీతమునకు అనుగుణముగా పదిమంది గుంపుగా చేరి నృత్యరీతిని వ్యాయామము చేయు తరగతులు మిక్కిలి విస్తరించినవి. ఏరోబిక్సు, జుంబా మొదలగు పేర్లతో ఇవి వ్యాయామశాలలయందును, అపార్టుమెంటుల మేడలమీదను, కొన్ని పాఠశాలలయందును జరుగుచున్నవి. మన విద్యార్థుల తల్లులలో కొందఱు వీనిలో చేరుచున్నారు. చేరినవారిలో పలువురు వారము తిరుగకుండనే మానుచున్నారు. మధుమేహమునకు వ్యాయామము తప్పదని వైద్యుడు చెప్పగా చేరి, రెండు దినములకే విరమించిన యొక తల్లి నాతో, "నా కాళ్లు నా మాట వినవండీ, మాష్టరుగారూ. అందరూ కుడికి పోతుంటే నేనొక్కదాన్నీ ఎడమకు పోతాను" అనెను. ఆమె కాళ్లయందు దోషమేమియు లేదు. చెవితో పట్టుకొనవలసిన దానిని ఆమె కంటితో పట్టుకొనుటకు ప్రయత్నించెను. ఈ భేదమును కొంచెము వివరించిన యెడల క్రొత్తవారికి ఉపకారముగా నుండునని తలంచుచున్నాను.

ముందుగా ఈ వ్యాయామము పుట్టిన విధమును కొలదిగా చెప్పెదను. అమెరికా వైమానికదళ వైద్యుడగు కెన్నెత్ కూపర్ 1968లో ప్రకటించిన "ఏరోబిక్స్" అను గ్రంథము, గుండెకును ఊపిరితిత్తులకును పాటవము కలిగించు వ్యాయామమును గూర్చి ప్రజలకు తెలియజేసెను. మరుసటి సంవత్సరమున జాకీ సోరెన్‌సెన్ అను నామె దానిని నృత్యముతో జోడించెను. ఆ 1969లోనే ఇలినాయి రాష్ట్రమున జూడీ షెపర్డ్ మిస్సెట్ అను నర్తకి తన నృత్యపు తరగతికి వచ్చు స్త్రీలు ఒకరి తరువాత నొకరు మానివేయుటను గమనించి కారణము విచారించెను. వారు నర్తకులగుటకు వచ్చినవారు కారు. శరీరము చక్కబఱచుకొనుటకు వచ్చినవారు. ఆమె వారిని అద్దమువైపునుండి త్రిప్పి నిలిపి, నేనే మీకు అద్దమునని చెప్పి, కఠినమైన అడుగులను తీసివేసి, సులభమైన వానిని నేర్పెను. జాజర్‌సైజు అను పద్ధతి అట్లు పుట్టినది. ఈ వృత్తాంతము ఉపాధ్యాయులకు విశేషముగా గమనింపదగినది. విద్యార్థులు మానుచున్నప్పుడు ఆమె విద్యార్థులను నిందింపక తరగతినే మార్చినది గదా! జుంబా అనునది ఇంకను తరువాతిది. కొలంబియా దేశమున కాలీ నగరవాసియగు అల్బెర్టో పెరెజ్ 1990ల దశకమున ఒకనాడు తరగతి పాటల టేపును ఇంటియొద్ద మఱచివచ్చి, తన యొద్దనున్న సల్సా, మెరెంగే పాటలనే వేసి పని గడుపుకొనెననియు, అదియే దీనికి ఆరంభమనియు చెప్పుదురు. 2001లో ఫ్లారిడా రాష్ట్రమున అది వ్యాపారసంస్థగా నేర్పడినది.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ తరగతుల పాటలు తఱచుగా నిమిషమునకు 120 మొదలు 140 తాళపు దెబ్బల వఱకు వేగము కలవి. 128 దెబ్బల పాటను తీసికొందము. ఒక్కొక్క దెబ్బకు అర సెకండు కంటెను తక్కువ కాలము. కంటితో ఒక సంజ్ఞను చూచి శరీరము కదలుటకు, ఎంత సులభమైన పనియైనను, సుమారు సెకండులో అయిదవ వంతు పట్టును. రాబోవునది ఏదియో తెలియక, పలు కదలికలలో నొకదానిని ఎన్నుకొనవలసి వచ్చినపుడు ఇంకను ఎక్కువ పట్టును. కావున ఎదుటివారి పాదమును చూచి తన పాదమును ఎత్తువాడు, ఎంత చుఱుకైనవాడైనను, వెనుకబడియే యుండును. చెవి సంగతి వేఱు. క్రమము తప్పక మ్రోగు దెబ్బకు అనుగుణముగా వ్రేలితో తట్టుమన్నచో, మనుష్యులు సాధారణముగా దెబ్బకు లేశమాత్రము ముందుగనే తట్టుదురని పరిశోధకులు కనుగొనిరి. అనగా వినువాడు దెబ్బను వెంబడించుటలేదు, దానికొఱకు ఎదురుచూచుచున్నాడు.

ఆ ఎదురుచూచుట ఎట్లనగా, పాటలో దెబ్బలు ఎనిమిదేసి చొప్పున వరుసలుగా నుండును. అట్టి నాలుగు వరుసలు కలిసి 32 దెబ్బల ఖండము. ఈ వ్యాయామముకొఱకే కూర్చిన సంగీతమున ఈ నియమము తప్పదు. సినిమా పాటలలో అప్పుడప్పుడు తప్పును. క్రొత్త అడుగు ప్రారంభమగునది వరుస మొదటి దెబ్బమీదనే. నేర్పువారు వరుస ముగియుటకు నాలుగు దెబ్బలు ముందుగా "నాలుగు, మూడు, రెండు" అని క్రిందికి లెక్కించి, రాబోవు అడుగు పేరు పలుకుదురు. క్రొత్తవాడు ఆ పేరు వినినతోడనే కాలు కదపును. అది ఆజ్ఞ కాదు, హెచ్చరిక. "ఒకటి" వచ్చువఱకు పాత అడుగునే వేయుచుండవలెను. జుంబాలో మాటలు తక్కువ, చేతి సంజ్ఞలు ఎక్కువ. అయినను పల్లవి మరల వచ్చినపుడు పల్లవి అడుగులే మరల వచ్చును. పాట విన్నవానికి పాటయే చెప్పును.

కోలాటము చూచినవారికి ఇది క్రొత్తమాట కాదు. మధ్య నిలిచిన పంతులు పాట ఎత్తుకొనును. జట్టువారు వలయమై మొదట మెల్లగా అడుగువేసి, కోపు మార్చి, క్రమముగా వేగము హెచ్చింతురు. ఎదుటివాని కఱ్ఱను చూచి కొట్టబోయినవాడు గాలిని కొట్టును. తాళము వినుచు కొట్టువాని కఱ్ఱకు ఎదుటి కఱ్ఱ తానై దొరకును.

లెక్క పట్టుబడిన తరువాత కాళ్లు, కాళ్లు కుదిరిన తరువాత చేతులు. ఈ వరుసను తలక్రిందులు చేయుటవలననే చిక్కులు కలుగుచున్నవి. చేతులు పైకెత్తి ఊపుట చూడముచ్చటగా నుండును గాని, వానిని వదలివేసినంత మాత్రమున ఎవ్వరికిని త్రోవ తప్పదు. మొదటి రెండు వారములు చేతులు నడుముపై నుంచినను దోషము లేదు. అడుగులో మూలమైనవి చాల కొలది: నిలిచిన చోటనే నడచుట, ప్రక్కకు అడుగువేసి రెండవ పాదమును తాకించుట, మోకాలెత్తుట, మడమను వెనుకకు మడచుట, గ్రేప్‌వైన్ అనునది. మెరెంగే పాటకు దెబ్బకొక అడుగు చొప్పున నడచిన చాలును గనుక అది క్రొత్తవారికి మిక్కిలి అనుకూలము. సల్సా అట్లు కాదు. నాలుగు దెబ్బలలో మూటికి అడుగువేసి నాలుగవదానికి ఆగవలెను. ఆ యాగుట తెలియనివాడు రెండవ వరుసలో తప్పక వ్యతిక్రమముగా నిలుచును.

గ్రేప్‌వైన్ అనగా ద్రాక్షతీగ. తీగ అల్లుకొనునట్లు కాళ్లు పెనవైచుటచే ఆ పేరు వచ్చినది. కుడికాలు ప్రక్కకు, ఎడమకాలు దాని వెనుకకు, మరల కుడికాలు ప్రక్కకు, నాలుగవ లెక్కకు ఎడమపాదమును కుడిపాదము చెంతకు తెచ్చి నేలకు తాకించుట. తాకించుట అంటిని గాని మోపుట అనలేదు. ఇందలి రహస్యమంతయు నిచ్చటనే యున్నది. శరీరభారము కుడికాలిమీదనే నిలిచియున్నచో ఎడమకాలు ఖాళీగా నుండి, తరువాతి "ఒకటి"కి ఎడమవైపునకు బయలుదేరుటకు సిద్ధముగా నుండును. పొరపాటున ఎడమకాలిపై బరువు మోపినవారికి ఖాళీగా నున్నది కుడికాలే. ఆ కాలే కదలును. అందఱును ఎడమకు మరలగా వారు కుడికి పోవుదురు. పైని చెప్పిన తల్లి అందఱికి విరుద్ధముగా పోవుటకు బహుశః ఇదియే కారణము. ఏ అడుగైనను తప్పిపోవుచున్నచో, "ఇప్పుడు నా బరువు ఏ కాలిమీద నున్నది?" అని ప్రశ్నించుకొనుట మేలు. నూటికి తొంబదిసారులు జవాబు అక్కడనే దొరకునని నా యభిప్రాయము.

కుడియెడమల విషయమున మఱియొక చిక్కు కలదు. నేర్పువారు మనకు అభిముఖముగా నిలిచినపుడు, మనకు "కుడి" అని చెప్పుచు తాము ఎడమకు కదలుదురు. అద్దములోని బింబమును అనుసరించినట్లు వారు ఏ దిక్కునకు పోయిన ఆ దిక్కునకే పోవలెను. ఆలోచించిన యెడల చెడును.

క్రొత్తవారు సాధారణముగా వెనుకమూలకు చేరుదురు. సిగ్గు దాచుకొనుటకు అది మంచి చోటు గాని నేర్చుకొనుటకు కాదు. అచటనుండి నేర్పువారి పాదములు కానరావు. అంతేకాక, తరగతి యంతయు వెనుకకు తిరుగు అడుగు వచ్చినతోడనే వెనుకవరుస ముందువరుస యగును. దాగికొనినవారు అందఱికంటె ముందు నిలిచియుందురు! రెండవ వరుసలోనో మూడవ వరుసలోనో, బాగుగా తెలిసిన యొకరికి వెనుకగా నిలుచుట ఉత్తమము.

ఇంత చేసినను దారి తప్పుట తప్పదు. అప్పుడు చేయవలసిన పని యొకటే కలదు. ఉక్తలేఖనము వ్రాయునపుడు ఒక మాట వినబడని బాలుడు కలము ఆపి, ఆ మాటకై వగచుచు కూర్చుండును. అంతలో వాక్యమంతయు పోవును. తెలివిగల బాలుడు కొంత చోటు విడిచి తరువాతి మాట వ్రాయును. అట్లే అడుగు తప్పినవారు ఆగక, నిలిచిన చోటనే దెబ్బకు సరిగా నడచుచు, తరువాతి "ఒకటి"కై వేచియుండవలెను. 128 దెబ్బల పాటలో ఎనిమిది దెబ్బలకు పట్టునది నాలుగు సెకండులకంటె తక్కువ. ఖండమంతయు పోయినను 15 సెకండులే. ఆ కాలమున గుండెకు కలుగు లాభము ఏమియు తగ్గదు. గుండెకు కుడియెడమలు తెలియవు.

ఇంటియొద్ద తప్పిన అడుగు నొకదానిని పాట లేకుండ మెల్లగా అయిదు నిమిషములు వేసికొని నిద్రించిన మంచిది. నేర్చిన కదలికలు నిద్రలో స్థిరపడునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. బూట్ల విషయమున శ్రద్ధ వహింపవలెను. పఱుగుకొఱకు చేసిన బూట్ల అడుగులు నేలను గట్టిగా పట్టును. పాదము నిలిచిపోయి శరీరము తిరుగుటవలన మోకాలికి నొప్పి కలుగవచ్చును. వేగము ఎంత యుండవలెననగా, మాటలాడుటకు వీలై పాట పాడుటకు వీలుకానంత. మధుమేహమునకు ఇన్సులిను పుచ్చుకొనువారు, గుండెజబ్బు కలవారు వైద్యుని అడిగిన తరువాతనే చేరవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ వ్యాయామమును, 5 మొదలు 17 ఏండ్ల వయసువారికి దినమునకు సగటున 60 నిమిషములును అవసరము. మన బాలికలలో అనేకులు తొమ్మిదవ తరగతికి వచ్చుసరికి ఆటస్థలమునకు దూరమగుట నేను ఏటేట చూచుచున్నాను. బంతియాటకు రానివారు పాటకు వత్తురేమో యని నాకు ఆశ. మఱియు డ్రిల్లు చేసిన బాలబాలికలకు ఇందు గొప్ప యనుకూలము కలదు. హారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించిన నాటినుండి అచట శిక్షణ పొందినవారు దక్షిణదేశపు పాఠశాలలకు వచ్చి, లెక్కకు కదలుటను మనకు అలవాటు చేసిరి. ఆ లెక్క తల్లులకు లేదు, పిల్లలకు కలదు. ఇంట నేర్పవలసినవారు పిల్లలే.

సెలవులలో దీనిని ఇట్లు ఆరంభింపవచ్చును. అమ్మకు ఇష్టమైన పాట నొకదానిని పెట్టి, గడియారము ఎదుట నుంచి, 15 సెకండులలో ఎన్ని దెబ్బలు పడినవో ఇద్దఱును లెక్కింపుడు. దానిని నాలుగుచే హెచ్చించిన నిమిషపు వేగము తేలును. 100కు లోపుగా వచ్చినచో అది క్రొత్తవారికి తగిన పాట. తరువాత కూర్చుండియే అరచేతితో మోకాలిపై ఎనిమిదేసి తట్టుచు, "ఒకటి" వచ్చినప్పుడెల్ల గట్టిగా తట్టుడు. కాళ్ల పని మరునాడు.