దయను దిద్దించే శనివారం

శనివారం పొద్దున తునిలో సర్కారు బడికి బయల్దేరే పిల్లల వీపు మీద సంచి ఉండక్కర్లేదు. వారమంతా పుస్తకాలు మోసిన భుజాలకు ఆ ఒక్క రోజూ విశ్రాంతి. 2025–26 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రమంతటా ప్రతి శనివారాన్నీ ‘నో బ్యాగ్ డే’గా జరపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అంతకుముందు 2019లోనే ప్రాథమిక బడుల్లో నెలకు రెండు శనివారాలు, మొదటిదీ మూడోదీ, ఇలా కేటాయించారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే కాలంలో ఒక పది రోజులు సంచి లేకుండా గడపమని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెబితే, మన దగ్గర అది ఒకటో తరగతి నుంచే వారం వారం వచ్చే రోజైంది. సంచి దించడం ఒక ఉత్తర్వుతో అయిపోయే పని. దించాక ఆ చేతుల్లో ఏం పెట్టాలన్నది బడి తేల్చుకోవాలి. ఆటలు, పాటలు, బొమ్మలు, మట్టిపని, కథలు అన్నీ ఉండాల్సినవే. నా దృష్టిలో మాత్రం ప్రాథమిక బడి శనివారానికి ఇరుసు ఒకటే: పిల్లలు ఒకరికొకరు సాయపడే పని, ప్రతి వారం, క్రమం తప్పకుండా. దయ గురించి అప్పజెప్పడానికి పద్యాలు చాలానే ఉన్నాయి. దయ అలవడాలంటే మాత్రం ఓనమాలు నేర్పినట్టే చెయ్యి పట్టుకుని దిద్దించాలి.

నీతి చెప్పడంలో తెలుగు బడి ఏనాడూ వెనకబడలేదు. వేమన, సుమతి శతకాలు రాకుండా అయిదో తరగతి దాటిన తరాలు తక్కువ. బడి గోడల మీద సూక్తులకు కొదవ లేదు. విద్యార్థుల నైతిక విలువల కోసం ప్రభుత్వం 2024 చివర్లో ఒక సలహాదారుణ్ణే నియమించింది. ఆ బాధ్యత తీసుకున్న చాగంటి కోటేశ్వరరావు గారు కాకినాడ వారే. మాటకు ఉండే విలువను తక్కువ చేయనక్కర్లేదు. చేసే మంచికి ఒక పేరుందని పిల్లవాడికి తెలిసేది మాటతోనే. కానీ పద్యం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లే, మధ్యాహ్నం కుళాయి దగ్గర పళ్ళెం కడుక్కునేటప్పుడు తనకంటే చిన్నదాన్ని పక్కకు నెట్టేయవచ్చు. ఆ అమ్మాయి చెడ్డదేమీ కాదు. ఆగి, చిన్నవాళ్ళకు ముందు నీళ్ళు వదలడం అనే పనిని ఎవరూ చేయించి చూపలేదు, అంతే. శీలమే చదువుకు ప్రాణమని నమ్మిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలను నడిపినప్పుడు ఉపన్యాసాలతో ఆగిపోలేదు. పిఠాపురం రాజా వారి అండతో అనాథ పిల్లలకు ఆశ్రయం నిలబెట్టే పనిలోకీ దిగారు. చెప్పింది చేసి చూపే ఆ బాటను మన నీతి పీరియడ్లు అందుకోలేకపోయాయి.

గోదావరి జిల్లాల మాటకు మర్యాద ఎక్కువని లోకమంతా ఒప్పుకుంటుంది. ‘ఆయ్’, ‘అండి’ లేకుండా ఇక్కడ వాక్యం పూర్తికాదు. అయితే ఈ మర్యాద ఎటు నడుస్తుందో చూడాలి. అది పైకి వెళ్తుంది: పెద్దలకు, పంతుళ్ళకు, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళకు. పక్కకు, కిందికి వెళ్ళడం మనకింకా బాగా అలవాటు కాలేదు. బడి పక్కకు వెళ్ళే మర్యాదను నేర్పగల చోటు. తుని చుట్టుపక్కలే చూడండి. ఒకవైపు తొండంగి తీరం, మరోవైపు కోటనందూరు కొండల అంచు, మధ్యలో చెన్నై–హౌరా రైలు మార్గం, జాతీయ రహదారి. తాండవ మీద వంతెన దాటితే పాయకరావుపేట. 2022 ఏప్రిల్ నుంచి ఇటు కాకినాడ జిల్లా, అటు అనకాపల్లి జిల్లా. తమలపాకు తోటలు, మామిడి తోటలు, రైల్వే, దుకాణాలు, కట్టుబడి పనులు – ఇన్ని రకాల బతుకుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పనుల కోసం కాపురం మార్చే ఇళ్ళ పిల్లలు ఏడాది మధ్యలో వస్తారు, ఒక్కోసారి మధ్యలోనే వెళ్ళిపోతారు. అలా వచ్చిన పిల్లవాడికి మొదటి వారం భయం పాఠమంటే కాదు, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక. ఆ ప్రశ్నకు జవాబు టీచరు దగ్గర ఉండదు. అది పక్కకు జరిగి చోటిచ్చే ఇంకో పిల్లవాడి దగ్గరే ఉంటుంది.

ఇది మంచి మనసుతో అనుకునే మాటేనా, ఆధారం ఏమన్నా ఉందా అని అడగడం న్యాయమే. ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరంలో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లలతో 19 తరగతి గదుల్లో జరిపిన పరిశోధన 2012లో వెలువడింది. నాలుగు వారాల పాటు, వారానికి మూడు చొప్పున, కొందరు పిల్లలు ఎవరికైనా మేలు చేసే పనులు చేశారు. మిగతావాళ్ళు తమకు నచ్చిన మూడు చోట్లకు వెళ్ళివచ్చారు. మేలంటే పెద్ద పనులేమీ కావు. అలసిన అమ్మను దగ్గరకు తీసుకోవడం, తన భోజనంలో కాస్త పక్కవాళ్ళకు పెట్టడం లాంటివి. సంతోషం రెండు జట్లలోనూ పెరిగింది. కానీ ‘ఎవరితో కలిసి ఉండటం నీకిష్టం’ అని తరగతిలో అందరినీ అడిగినప్పుడు, మేలు చేసిన జట్టు పిల్లల పేర్లు మునుపటికంటే ఎక్కువగా వినిపించాయి. సాయపడటం అలవాటైన పిల్లలకు తరగతిలో చోటు పెరిగిందన్నమాట. ఇంకా పెద్ద లెక్క 2011 నాటిది. భావోద్వేగాలు, తోటివారితో మెలగడం నేర్పే 213 బడి కార్యక్రమాలను, 2 లక్షల 70 వేలకు పైగా పిల్లల ఫలితాలను కలిపి చూస్తే, నడవడితో పాటు చదువు కూడా మెరుగుపడింది. అందులో మనం గుర్తుంచుకోవాల్సిన సంగతులు రెండు. వరుసక్రమంలో, చేతల ద్వారా నేర్పినవే బాగా పనిచేశాయి. బయటినుంచి వచ్చినవాళ్ళు చెప్పినప్పటికంటే సొంత బడి టీచర్లు నడిపినప్పుడే చదువులో ఫలితం కనిపించింది. తునిలో ఏ బడికైనా ఇది మంచి కబురే. ఏ సంస్థనో పిలిపించనక్కర్లేదు, కావాల్సిన మనిషి బడిలోనే ఉన్నారు.

ఎదురు ఆధారాన్ని దాచిపెట్టకూడదు. బ్రిటన్‌లో 80కి పైగా హైస్కూళ్ళలో, 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మనసును నిలకడగా ఉంచుకునే ధ్యాన పాఠాలు చెబితే పిల్లల మానసిక ఆరోగ్యం బాగుపడుతుందేమోనని చూశారు. మామూలు పాఠాలతో పోలిస్తే మెరుగేమీ కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదు. ఢిల్లీ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన సంతోష పాఠాల్లోనూ, మన దగ్గర 2019లో వచ్చిన ‘ఆనంద వేదిక’లోనూ ధ్యానానికి చోటిచ్చారు కాబట్టి ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోలేం. నాకిందులో కనిపించేది ఇది: కళ్ళు మూసుకుని తన లోపలికి చూసుకోమన్న పాఠం పిల్లవాణ్ణి ఒంటరిగానే ఉంచింది. కళ్ళు తెరిచి పక్కవాణ్ణి చూడమన్న పాఠం ఆ వయసుకు బాగా నప్పుతుంది. వాంకూవర్ ఫలితం కూడా నాలుగు వారాలదే, ప్రభావం మరీ పెద్దదేమీ కాదు. చిన్న మేలు వారం వారం పేరుకోవాలనడానికి అదొక కారణం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం తల్లిదండ్రులది. పిల్లలకు చదవడమే రావట్లేదు, శనివారం కూడా పోతే ఎలా అంటారు. ఆ ఆందోళన నూటికి నూరుపాళ్ళూ నిజం. 2024 ‘అసర్’ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 27 మందే. ఈ లెక్క ముందుంచుకుని కాగితప్పూల దండలు గుచ్చించే శనివారాలను సమర్థించలేను. కానీ సాయం చేసే పనుల్లో తొట్టతొలిది చదివించడమే ఎందుకు కాకూడదు? అయిదో తరగతి పిల్లనూ ఒకటో తరగతి పిల్లవాణ్ణీ ఒక పుస్తకం ముందు కూర్చోబెట్టండి. ‘కష్టం’ దగ్గర చిన్నవాడు ఆగిపోతాడు. పెద్దపిల్ల బొటనవేలితో ‘ట’ వత్తును మూస్తుంది. ‘ఇప్పుడు చదవరా’ అంటుంది. ‘కషం’ అంటాడు. వేలు తీస్తుంది. వాడు కాసేపు దానికేసి చూసి, పెదవులు కదిపి, ‘కష్టం’ అంటాడు. నలభై మందికి బోర్డు మీద చెప్పేటప్పుడు ఆ వేలు మూయడం, ఆ కాసేపు ఆగడం ఏ టీచరుకూ సాధ్యం కాదు. ఆ పది నిమిషాల్లో అక్షరం, ఓర్పు రెండూ ఒకే పాఠమయ్యాయి. చెప్పే పిల్లకు నష్టమా అంటే అదీ లేదు. తోటి పిల్లలు చెప్పే చదువుల మీద 65 అధ్యయనాలను 1982లో కలిపి చూసినప్పుడు, నేర్చుకున్నవాళ్ళతో పాటు నేర్పినవాళ్ళూ ఆ సబ్జెక్టులో ముందుకొచ్చారని తేలింది.

ఇది మనకు పరాయి పద్ధతి కూడా కాదు. 18వ శతాబ్దం చివర్లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయం చూసుకుంటున్న ఆండ్రూ బెల్, ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలో ఆ ఇసుకను, పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే పద్ధతిని ప్రవేశపెట్టి, 1797లో లండన్‌లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. మద్రాసు పద్ధతి పేరుతో అది ఇంగ్లండు బడుల్లోకి పాకింది. అక్కడ వందలమంది పిల్లలతో కవాతులా తయారై దాని ప్రాణం పోయింది. ఇసుక ముందు పక్కపక్కనే కూర్చున్న ఇద్దరి మధ్య ఉండే చనువు బెంచీల వరుసల్లో నిలవలేదు. మన కాలంలో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్ళు పల్లె బడుల కోసం తయారుచేసిన పద్ధతిలో ఆ చనువు మళ్ళీ కనిపిస్తుంది. అందులో పిల్లలు నేర్చుకునే మెట్టును బట్టి జట్లుగా కూర్చుంటారు. కొన్ని జట్లకు టీచరు సాయం, కొన్నిటికి తోటి పిల్లల సాయం. ‘ఆనందలహరి’ పేరుతో రాష్ట్రంలోని ప్రాథమిక బడులకు వచ్చింది ఆ ఒరవడే.

దయ ఇంట్లో నేర్పాలి, బడికేం సంబంధం అనేవాళ్ళూ ఉన్నారు. ఇల్లు నేర్పేది మనవాళ్ళ పట్ల దయ. తమ్ముడికి ముద్ద పెట్టడం, నానమ్మకు మంచినీళ్ళు ఇవ్వడం పిల్లలకు ఇంట్లోనే వస్తాయి. మన కులం కానివాళ్ళ, మన పేట కానివాళ్ళ, పేరు తెలియనివాళ్ళ పట్ల అదే పని చేయడానికి మొదటి చోటు బడి, అందులోనూ మధ్యాహ్న భోజనం వరుస. ఆ భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఆ తల్లి లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టింది. పేరు పెట్టాక ఆ పేరుకు తగ్గ అలవాటు కూడా బడికి రావాలి. గుడ్డు ఇచ్చే రోజున ఒకటో తరగతి పిల్లల చేతుల్లో చూడండి: గోరు ఆనక, పెంకుతో పాటు సగం గుడ్డు ఊడి కింద పడిపోతుంది. పెద్దపిల్ల ఆ గుడ్డును నేలకేసి ఒకసారి చిన్నగా దొర్లించి, పగిలిన చోటునుంచి పొరతో సహా వలిచి పళ్ళెంలో పెడితే చాలు. ఎవరి పళ్ళెం ఎవరు ముట్టుకున్నారన్న పాత పట్టింపులు అలాంటి చోట మారుమాట లేకుండా కరుగుతాయి.

నాకు నిజంగా భయం కలిగించేది మరొకటి. మంచి పనికి నక్షత్రం అంటించడం, బహుమతి ఇవ్వడం, ఫొటో తీసి పైకి పంపడం. 1973లో అమెరికాలో బొమ్మలంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు గీయడం తగ్గించేశారు. 2008లో ఇరవై నెలల పసివాళ్ళతో చేసిన ప్రయోగంలోనూ, సాయం చేసినందుకు వస్తువు ముట్టినవాళ్ళు ఆ తర్వాత తక్కువ సాయపడ్డారు. పిల్లల్లో ఉన్నదాన్ని మన బహుమతే హరిస్తుందన్నమాట. ఫొటోల సంగతి టీచర్లకు బాగా తెలుసు. మరుగుదొడ్ల ఫొటోలు సైతం యాప్‌లో ఎక్కించిన కాలం వాళ్ళది. దయకు కూడా ఒక యాప్ వస్తే అది ఆ రోజే మరో పద్దు అయిపోతుంది. అంతకంటే చేటు, సాయం అందుకున్న పిల్లవాడి ముఖం ఆ ఫొటోలో పడుతుంది. ప్రచారం కోరని సీతమ్మ గారికి బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్ళలేదని, ఆమె చిత్రాన్నే తెప్పించుకున్నారని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సాయం ఎప్పుడూ ఒకే చేతినుంచి వెళ్ళకుండా చూడటం కూడా టీచరు పనే. చదువులో వెనకబడ్డ పిల్లవాడికి తమలపాకుల కట్ట కట్టడం వచ్చి ఉంటుంది. ఈ శనివారం పదేసి ఆకులు పేర్చి లెక్క నేర్పేది అతనే కావాలి.

ఇందుకు కావాల్సిన సరంజామా తక్కువ. వారానికి ఒక గంట, మారని జతలు, కథల పుస్తకాలు కొన్ని. నెలకోసారి తాము రోజూ చూస్తూ పలకరించని మనిషికి, వీధి ఊడ్చే అమ్మకో రైలు పట్టాలు చూసే బాబాయికో, పోస్టు కార్డు మీద నాలుగు వాక్యాలు. అక్షర దోషాలు ఉంటే ఉండనివ్వండి. తరగతికి ఒక టీచరు ఉండేలా ఏర్పాటు చేసిన మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో జతలు కుదర్చడం సులువు; ఇద్దరే టీచర్లున్న బడిలో అయితే ఈ జతలు లేకపోతే రోజు గడవడమే కష్టం. జూన్‌లో అయిదో తరగతి వాళ్ళు హైస్కూలుకు వెళ్ళిపోతారు. బడి తెరిచిన మొదటి శనివారం పాత జతలు కొన్ని విడిపోయి ఉంటాయి. ‘కష్టం’ దగ్గర ఆగిపోయిన పిల్లవాడు రెండో తరగతికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడ్డ కొత్త పిల్లను చాప మీదికి పిలిచి, పక్కకు జరుగుతున్నాడు.