నోరెందుకు ఎండుతుంది? ఏం చెయ్యాలి?



నోరు మంచిదైతే ఊరు మంచిది అని పెద్దలు అంటారు. అది మాట గురించి చెప్పింది. నేను నోట్లో ఊరే ఉమ్మి గురించి చెప్తాను. ఉమ్మి అంటే అందరూ ఛీ అంటారు. కానీ అది లేకపోతే అన్నం ముద్ద గొంతు దిగదు.

సైన్సులో ఉమ్మిని లాలాజలం అంటారు. దీన్ని తయారుచేసే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవుల ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఇవి రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు దాకా లాలాజలం ఇస్తాయి. అందులో 99 శాతం నీరే. మిగిలిన కొంచెంలో ఎమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. నమ్మకపోతే ఈ రోజు కూర కలపకుండా ఒక ముద్ద అన్నం బాగా నమిలి చూడండి. కాసేపటికి తియ్యగా అవుతాది. లాలాజలం పళ్ళను కూడా కాపాడుతుంది. నోరు ఎప్పుడూ ఎండిపోయేవాళ్ళకు పళ్ళు తొందరగా పుచ్చిపోతాయి.

నోరు ఎండటానికి కారణాలు:

1. నీళ్ళు తక్కువ తాగడం. జ్వరం, వాంతులు, విరేచనాలు వచ్చినా ఒంట్లో నీరు తగ్గిపోద్ది.
2. ముక్కు దిబ్బడ వేసి రాత్రంతా నోటితో గాలి పీల్చడం.
3. భయం. పరీక్షప్పుడు, స్టేజీ ఎక్కినప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుపోద్ది కదా! ఇది జబ్బు కాదు. కాసేపటికి తగ్గుతుంది.
4. జలుబుకు, దురదకు, బి.పి.కి వాడే కొన్ని మాత్రలు. అలాగని మాత్రలు సొంతంగా మానేయకూడదు. డాక్టరు గారికి చెప్పాలి.
5. పొగాకు. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ కూడా వస్తుంది. సెలవులకు వెళ్ళినప్పుడు మన అమ్మమ్మలకు చెప్పాలి.
6. షుగరు వ్యాధి. ఎంత తాగినా దాహం తీరక, మాటిమాటికీ మూత్రం వస్తూ, మనిషి చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాలి. ఇది పిల్లలకూ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మనలో చాలామంది సాయంత్రం నుండి నీళ్ళు ముట్టుకోరు. ఎందుకంటే రాత్రి చీకట్లో బాత్రూముకి వెళ్ళాలంటే భయం. పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోద్ది, తలనొప్పి, మూత్రంలో మంట. సికిల్ సెల్ ఉన్న అమ్మాయిలకైతే ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గితే వాళ్ళ ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో అడ్డుపడి, ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. ఈ జబ్బు గిరిజనుల్లో ఎక్కువ. అందుకే 2023లో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. వాళ్ళకు నీళ్ళు కూడా మందులాంటివే.

ఏం చెయ్యాలి?

దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగుతూ ఉండాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఒంటికి నీళ్ళు చాలడం లేదని గుర్తు. ఉసిరికాయ ముక్క చప్పరిస్తే నోట్లో నీళ్ళూరతాయి. కానీ రోజంతా పులుపు తింటే పళ్ళకు మంచిది కాదు. తీపి బిళ్ళలు అసలు వద్దు. రెండు పూటలా పళ్ళు తోముకోవాలి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి తాగాలి. అది లేకపోతే కాచి చల్లార్చిన 1 లీటరు నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతోనే, తల కొట్టి కొలవాలి. నోరెండి, కళ్ళు లోతుకుపోయి, మూత్రం రాక, మగతగా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

వార్డెన్ మేడమ్ గార్లకు ఒక మనవి. బాత్రూము దారిలో ఒక బల్బు పెట్టించండి. అమ్మాయిలూ, రాత్రి లేచినప్పుడు పక్క మంచం అమ్మాయిని లేపండి, లేపితే విసుక్కోకండి. ఇద్దరు తోడుంటే చీకటికి భయం లేదు, నీళ్ళు తాగడానికీ భయం లేదు.