కిరాయి యిల్లు – గృహిణి బాధ్యత



పాండవులు వారణావతమున లక్కయింట నడుగిడినంతనే, నేతితో గలసిన లక్క వాసనను బట్టి ధర్మజుడు కపటమును గ్రహించెనని భారతము చెప్పుచున్నది. తెలిసియు నాతడు మిన్నకుండుట రాజనీతి. మన మొక గది కిరాయికిచ్చి, యందు గంజాయి వ్యాపారము సాగుచున్నదని తెలిసియు మిన్నకుండుట మాత్రము నేరము.

ఈ మాట మా ప్రాంతపు స్త్రీలు ముఖ్యముగా వినదగినది. జగిత్యాల, కోరుట్లలందు ననేక కుటుంబముల పురుషులు గల్ఫు దేశములందున్నారు. ఇల్లు భర్త పేరనో మామగారి పేరనో యున్నను, తాళపుచెవి యిచ్చుట, కిరాయి పుచ్చుకొనుట ఇల్లాలి పనియే. సిరిసిల్లలో మరమగ్గములపై బనిచేయువారికి గదులిచ్చు గృహిణులును గలరు. "ఇల్లు నా పేర లేదు గదా" యని యూరడిల్ల వీలులేదు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము, 25వ విభాగమున, యజమానినే గాక, గృహ మెవరి యధీనమున నున్నదో వారినిగూడ బేర్కొనుచున్నది. తెలిసి చోటిచ్చినవారికి, నేరము చేసినవారి శిక్షయే పడును. గంజాయి 1 కిలోకు తక్కువైన 1 సంవత్సరము వరకును, అంతకు హెచ్చైన 10 సంవత్సరముల వరకును, 20 కిలోలు మించిన 10 మొదలు 20 సంవత్సరముల వరకును కారాగారవాసము విధింపవచ్చును.

"తెలిసి" యను మాట యిందు ముఖ్యము. ఇల్లు మనదైనంత మాత్రమున దోషము లేదు. కాని యెఱుక నేరమునకు అంగమైనచోట, అది కలదనియే న్యాయస్థానము మొదట నెంచును. లేదని రుజువుచేయు భారము నిందితులదని 35వ విభాగము చెప్పుచున్నది. కావున కన్నులు మూసికొనుట రక్ష గాదు.

కిరాయి పత్రము వ్రాయించుకొనుడు. గుర్తింపు కార్డు నకలు దీసికొని, వివరములు పోలీసు ఠాణాలో దెలుపుడు. నెలకొకమాఱు స్వయముగా బోయి కిరాయి పుచ్చుకొనుడు. అడిగినదానికంటె హెచ్చు సొమ్మిచ్చువారిని, రాత్రులందు క్షణకాలము వచ్చి పోవు క్రొత్తవారిని గమనింపుడు. మన భూమిలో నెవరైన గంజాయి పెంచినచో వెంటనే తెలుపుట 46వ విభాగము ప్రకారము భూమిగలవారి విధి.

అట్లని పేదవారిని, ఇతర రాష్ట్రముల కూలివారిని శంకింపరాదు. 2025 సెప్టెంబరులో హైదరాబాదు బోయినపల్లియందు, పిల్లలు చదువుకొను ప్రైవేటు పాఠశాల భవనముననే అల్ప్రాజోలమను మత్తుమందు తయారగుచుండుట పోలీసులు కనుగొనిరి. పెద్దమనిషి వేషము చూచి నమ్మరాదు. చినిగిన బట్ట చూచి యనుమానింపరాదు. నడత చూడవలయును.

అనుమానము బలపడినచో, తాళము పగులగొట్టి వెదకుట, సామానులు వీధిని బాఱవేయుట తగదు. ఠాణాకు దెలుపుడు, లేదా 2024లో కేంద్రప్రభుత్వ మేర్పఱచిన 1933 సంఖ్యకు ఫోను చేయుడు. సమాచార మెవరిచ్చిరో చెప్పుమని యధికారిని నిర్బంధింపరాదని 68వ విభాగము గలదు. ఒంటరిగా నింట నున్న స్త్రీకి ఇది గొప్ప ధైర్యము.

కిరాయికున్న కుఱ్ఱవాడు మత్తునకు లోబడినవాడే యైనచో, చికిత్సకు దారి చూపు 14446 సంఖ్యను వాని తల్లికి దెలుపుడు. వాడును ఒక తల్లి బిడ్డయే గదా! నెలకు వచ్చు నాలుగు రూపాయలకంటె మన గడప గౌరవము, ఆ బిడ్డ ప్రాణము మిన్నయని మేము తలంచుచున్నాము.