నెల తక్కువ బిడ్డ కన్ను: ఈస్ట్రోజన్‌కీ దానికీ ఏంటి లింక్?

ఈస్ట్రోజన్ అంటే ఆడవాళ్ల హార్మోన్ అని స్కూల్లో చదువుకున్నాం కదా. మరి దానికీ పసిబిడ్డ కంటికీ ఏం సంబంధం? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు రెటీనా. ఫోన్ కెమెరాలో లెన్స్ వెనక సెన్సర్ ఉంటుంది చూడండి, కంట్లో ఆ పని చేసేది రెటీనా. దానికి రక్తం ఇచ్చే సన్నటి నాళాలు కడుపులో 16వ వారం దగ్గర మొదలై, మధ్యలోంచి అంచుల వైపు మెల్లగా పాకుతూ పోతాయి. చివరి అంచుకు చేరాలంటే దాదాపు 40 వారాలు పడుతుంది.

ఇక రిసెప్టర్. హార్మోన్ తాళంచెవి అయితే, రిసెప్టర్ తాళం. మనిషి రెటీనాలో ఆల్ఫా, బీటా అని రెండు రకాల ఈస్ట్రోజన్ రిసెప్టర్లున్నాయి. కడుపులో ఉన్నది ఆడపిల్లైనా మగపిల్లాడైనా, మాయ నుంచి ఈస్ట్రోజన్ బాగా అందుతుంది. రెటీనాలో నాళాలు పెరగడం మీద ఈ హార్మోన్ ప్రభావం ఉంటుందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది.

ఇప్పుడు 28 వారాలకే కాన్పయిందనుకోండి. బొడ్డు కోయగానే ఆ సప్లై కట్. పైగా బయట ఆక్సిజన్ కడుపులోకన్నా ఎక్కువ. దాంతో నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే సిగ్నల్ తగ్గి, నాళాలు సగంలోనే ఆగిపోతాయి. కొన్ని వారాలకు రెటీనాకు ఆక్సిజన్ చాలక అదే సిగ్నల్ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు పిచ్చిపిచ్చిగా కొత్త నాళాలొచ్చి, రెటీనాను లాగి ఊడదీస్తాయి. ఈ జబ్బు పేరే ఆర్‌ఓపీ.

మరి ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోదా అంటారా? ఈ జబ్బుకు అది మందు కాదు. టైంకు పట్టుకుంటే లేజర్, లేదా వీఈజీఎఫ్‌ను ఆపే ఇంజెక్షన్ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1990ల చివర్లోనే ఇలాంటి పిల్లలకు స్క్రీనింగ్ మొదలుపెట్టింది.

రూల్ సింపుల్. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా, 30 రోజుల్లోపు కంటి పరీక్ష చేయించాలి. 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపైతే ఇంకా ముందు, రెండు మూడు వారాలకే.

మన నల్లగొండ, పాలమూరు వైపు చిక్కంతా ఇక్కడే. ఎస్‌ఎన్‌సీయూ నుంచి డిశ్చార్జ్ కాగానే తల్లీబిడ్డ తల్లిగారింటికి పోతారు. దేవరకొండ పక్క తండా కావచ్చు, మక్తల్ దగ్గర ఊరు కావచ్చు. పురుడు, ఇరవై ఒకటో రోజు, "పసిబిడ్డను బయటికి తీయొద్దు" అనే పెద్దల మాట... ఆ 30 రోజులు అట్లనే అయిపోతాయి. బిడ్డ పాలు తాగుతది, బరువు పెరుగుతది, కన్ను బయటికి మంచిగనే కనిపిస్తది. నల్లగుడ్డులో తెల్లగా కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

అందుకే మీ అక్కకో వదినకో నెల తక్కువ కాన్పయితే, డిశ్చార్జ్ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. వారాలు, బరువు చూడండి. "సార్, ఆర్‌ఓపీ టెస్ట్ ఎప్పుడు, ఎక్కడ?" అని డాక్టర్‌నే అడగండి. కంట్లో చుక్కలేసి చూస్తారు, అంతే. మళ్లీ రమ్మంటే తప్పకుండా పోవాలి. నాళాలు అంచుదాకా చేరాయని డాక్టర్ చెప్పేదాకా పరీక్షలు ఆపొద్దు.

ఈ ఎపిసోడ్ మీ ఊరి గ్రూపులో ఒకసారి పెట్టండి. ఎవరింట్లోనో ఆ 30 రోజులు ఇప్పుడే నడుస్తుండొచ్చు. ఉంటా మరి, నమస్తే.